ఘాప్ పూసిన వాగు

సలొమీ పెంచే చూలు మేక దొడ్డికి రాక రెండు రోజులయింది. రెండేళ్ల కరువు మందనంతా మింగి ఆ ఒక్కదాన్నే మిగిల్చింది. అది ఈనితేనే మళ్లీ మంద. లేకపోతే దొడ్డి కంచె పీకి పొయ్యిలో పెట్టుకోవడమే.

వెతకడానికి వెళ్లిన తమ్ముడు హిస్కియా పొద్దెక్కేసరికి గాడిదబండిలో తిరిగొచ్చాడు.

“వదిలెయ్యక్కా. నల్లరాళ్ల వాగులో చచ్చిపడుంది. గట్టు మీదికే కుళ్లు కంపు కొట్టింది. ఈగలు ముసురుతున్నాయి.”

“కళ్లతో చూశావా?”

“ముక్కుతో చూశా. చాలదా?”

“మరి కాకులేవిరా?”

“ఏ కాకులు?”

“మేక చచ్చి పడుంటే ఒక్క కాకైనా వాలదా? ఇరవై ఏళ్లు వజ్రాల గనిలో తవ్వీ తవ్వీ నీ ముక్కులోకి మట్టి పోయినట్టుంది.”

హిస్కియా నవ్వలేదు. “ఈ ఎండలో పోయి నువ్వూ పడ్డావంటే, మోసుకొచ్చే ఓపిక నాకు లేదు.”

“మొయ్యొద్దులే. కాకులకి కబురు పెట్టు.”

కత్తి, నీళ్ల సీసా తీసుకుని ఆమె బయలుదేరింది.

వాగులో మేక లేదు. ఘాప్ అనే ఎడారి మొక్క పూసింది. కీరకాయంత లావు ముళ్ల కాడల మీద అరచేయంత పూలు. మాంసం రంగు, కుళ్లిన వాసన, ఈగలు. ఏటా ఈ నెలలో అంతే. గట్టు దిగని తమ్ముడు దాన్నే శవమనుకున్నాడు.

అప్పటికే సీసా ఖాళీ అయింది. సలొమీ ఒక్క కాడే కోసింది; మొదలంటా నరికితే మరుసటేడు ఏం తింటావని అమ్మమ్మ తిట్టేది. ముళ్లు చెక్కి నమిలింది. చేదు. కాసేపటికి ఆకలి, దాహం అణిగాయి. ఇసుకలో గిట్టల జాడ పట్టుకుని వాగు ఎగువకు నడిచింది. రాళ్ల మీద జాడ పోయింది. ఆగి ఆలోచించింది. మధ్యాహ్నం దాటితే నీడ కొండకు తూర్పున ఉంటుంది. అటు తిరిగింది.

రాతి చూరు కింద మేక నిలబడి ఉంది. కాళ్ల దగ్గర పిల్ల, ఇంకా తడి ఆరలేదు. రెండో పిల్ల కాళ్లు బయటికొచ్చి ఆగిపోయాయి. సలొమీ మోకాళ్ల మీద కూర్చుని, మేక ముక్కినప్పుడల్లా పట్టి లాగింది. పొద్దు వాలేలోపు అదీ నేల మీద పడింది. కదల్లేదు. సలొమీ దాని ముక్కు తుడిచింది, నోట్లో ఊదింది, వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఊపింది. పిల్ల తుమ్మింది.

రెండూ ఆడవే. శాలువలో మూటగట్టి వీపున వేసుకుంది. మేక అరుస్తూ వెనకాలే వచ్చింది. ఇల్లు ఇంకా రెండు గంటల నడక.