నా నలుపు తోమేసిన దసరా

నేనొక ఇనప మూకుడిని. అందరూ నన్ను చైనా మూకుడంటారు. చైనా ఏ దిక్కున ఉందో నాకు తెలియదు, అలా పిలిచేవాళ్లకీ తెలియదు. నేను పుట్టింది కాకినాడ జగన్నాథపురంలో, ఒక కమ్మరి కొలిమిలో. అంతకుముందు కిరసనాయిలు పీపాకి అడుగునట. కమ్మరి నా నడ్డి మీద సుత్తితో బాది బాది గుంట చేసి, రెండు చెవులు అతికించి, బూరెల మూకుడని చెప్పి అమ్మాడు.

నన్ను కొన్నది పెళ్లి వంటల వీరభద్రం. పదిహేనేళ్లు ఆయన చేతిలో బూరెలు వేయించాను. ఎన్ని పెళ్లిళ్లు చూశానో! పెళ్లికొడుకు మొహం ఎవరికీ గుర్తుండదు గానీ, బూరె పగిలి పూర్ణం నూనెలో కలిసిందంటే మాత్రం ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు. వీరభద్రానికి మోకాళ్లు పట్టేశాక, తన దగ్గర పని నేర్చుకున్న నూకరాజుకి నన్ను ఇచ్చేశాడు.

నూకరాజు భానుగుడి దగ్గర నూడుల్స్ బండి పెట్టాడు. బండి మీద డ్రాగన్ బొమ్మ వేయమంటే పెయింటరు రెక్కలున్న తొండని వేశాడు. దాని కింద నన్ను పొయ్యి ఎక్కించిన రోజునుంచీ నూకరాజు కాస్తా మాస్టర్ అయ్యాడు, నేను చైనా మూకుణ్ణయ్యాను. మనుషులకి పేరు మారితే చాలు, పుట్టుక కూడా మారిపోతుంది.

మాస్టర్‌కి ఒక నియమం ఉండేది. నన్ను సబ్బుతో గానీ, చింతపండుతో గానీ తోమకూడదు. వేడినీళ్లు పోసి చీపురు పుల్లల కట్టతో ఒక్క తుడుపు, అంతే. అలా పన్నెండేళ్లలో నా ఒంటికి నల్లటి నిగనిగ పట్టింది. ఎంత మంట పెట్టినా, ఏం వేసినా అంటుకునేది కాదు. "ఈ నలుపే నా రుచి" అని అందరికీ చెప్పుకునేవాడు. ఇంటికి తెచ్చినప్పుడు భార్య వీరవేణిని నా జోలికి రానిచ్చేవాడు కాదు. "ఇది చైనా విద్యే! నీ అట్ల పెనం కాదు" అనేవాడు. ఆ విద్య నేర్చుకోడానికి ఆయన అన్నవరం దాటి వెళ్లిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా రోడ్డు వెడల్పు చేస్తున్నామని, దసరా తర్వాత బళ్లన్నీ తీసెయ్యాలని చెప్పారు. నూకరాజు కాళ్ల కింద నేల కదిలింది. అదే వారంలో, హోటలు మీద కొత్త అంతస్తు వేయించిన భగవాన్లు గారు కబురు పెట్టారు. ఆయన ఫోనులో టాకో అనే వస్తువుని చూశారు. అది మెక్సికో వాళ్ల తిండి. మొక్కజొన్న రొట్టెని మధ్యకి వంచి, లోపల కూర పెట్టి, చేత్తో పట్టుకు తినాలి. అందులో చైనా చికెన్ కూరితే కాకినాడంతా తన మేడెక్కుతుందని ఆయన నమ్మకం. "దసరా నాడు వచ్చి చేసి చూపించు. కుదిరితే మాస్టర్‌వి నువ్వే. లేదంటే హైదరాబాదు నుంచి మనిషిని తెచ్చుకుంటాను" అన్నారు.

నూకరాజు మూడు రోజులు తంటాలు పడ్డాడు. చికెన్‌కి ఢోకా లేదు. రొట్టె మాత్రం వంచగానే ఫట్‌మని విరిగేది. నవమి నాడు, పిండిలోనే లోపం ఉందనుకుని వేరే పిండి తేవడానికి బజారుకి వెళ్లాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, వీరవేణి ఆయుధ పూజకి సామాన్లన్నీ పోగేసింది. కత్తిపీట, అట్ల పెనం, గరిటెలు, చివరికి నేను. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చుంది. లోపలా బయటా, వీపూ కడుపూ తేడా లేకుండా తోమింది. పన్నెండేళ్ల నలుపు తూములో కలిసింది. నేను వెండి పళ్లెంలా మెరిసిపోయాను. మెరిశానే గానీ, నడివీధిలో బట్టలూడినట్టు సిగ్గుతో చచ్చాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ కూడా వేసింది.

నూకరాజు వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటే ఇది?"

"ఆయుధ పూజండి. అమ్మోరి ముందు మసి మూకుడెట్టమంటారా?"

"పన్నెండేళ్ల నలుపే! రేపు భగవాన్లు గారి దగ్గర దేంట్లో వండనే?"

"ఏటా నా పెనం తోమట్లేదా? మళ్లీ దారికి తెచ్చుకోట్లేదా? మీ మూకుడేమన్నా పైనుంచి ఊడిపడిందా?"

"దానికీ దీనికీ పోలికేంటి? ఇది చైనా విద్య!"

కోపం పట్టలేక నన్ను పెరట్లోకి విసరబోయాడు. చేతిలోకి తీసుకున్నాక బొట్టు కనబడింది. బొట్టు పెట్టిన వస్తువుని విసిరితే అమ్మవారు ఊరుకోదు. నెమ్మదిగా కింద పెట్టి, కళ్లకద్దుకుని, వెళ్లి మెట్టు మీద కూర్చుని నిజంగానే ఏడ్చాడు.

మర్నాడు నన్ను సంచిలో వేసుకుని హోటలుకి బయల్దేరాడు. మాస్టరన్నవాడికి టోపీ ఉండాలని కుట్టించుకున్నాడు. అది నెత్తి మీద దిండు గలీబులా వేలాడింది. "తప్పు నాదే కదండీ, సామాన్లైనా మోస్తాను" అంటూ వీరవేణి వెనకే వచ్చింది.

ఏం జరగాలో అదే జరిగింది. చికెన్ వేసీ వేయగానే నాకు జలగలా పట్టుకుంది. వెల్లుల్లి మాడింది, పొగ కమ్మింది. భగవాన్లు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "కింద టీ తాగొస్తాను. వచ్చేసరికి పళ్లెంలో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే నమస్కారం" అని దిగి వెళ్లారు.

నూకరాజు టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"పక్కకి తప్పుకోండి" అంది వీరవేణి.

ఆయన తప్పుకున్నాడు. అడ్డుపడే ఓపిక కూడా లేదు.

మాడునంతా ఉప్పుతో గీకేసింది. పొగలొచ్చేదాకా నన్ను కాల్చింది. సగం కోసిన ఉల్లిపాయని కత్తి మొనకి గుచ్చి, నూనెలో ముంచి, నా కడుపంతా రుద్దింది. మళ్లీ కాల్చింది, మళ్లీ రుద్దింది. ఉల్లిపాయ నల్లబడుతున్నకొద్దీ నేను కుదుటపడ్డాను. పెళ్లైన కొత్తలో అట్ల పెనాన్ని ఇలాగే లొంగదీసుకుందట. ఆ తర్వాత పిండి ముద్ద వేలితో నొక్కి చూసింది.

"చన్నీళ్లతో తడిపారా?"

"మరి?"

"జొన్నపిండైనా ఇదైనా మరిగిన నీళ్లు పోయాలండి. మా అమ్మమ్మ జొన్నరొట్టెలు చెయ్యడం చూడలేదేంటి?"

మరిగే నీళ్లతో పిండి కలిపి, తడిగుడ్డ మీద పల్చగా తట్టింది. ఆ కొత్త అంతస్తులోకి ఇంకా పెనాలు ఎక్కలేదు. అందుకని నన్ను పొయ్యి మీద బోర్లించి, నా వీపు మీద రొట్టె వేసింది! నా జన్మలో ఎవరూ నా వీపు మీద వండలేదు. నిన్న తోమకపోయి ఉంటే ఆ రొట్టెకి పన్నెండేళ్ల మసి అంటేది. రొట్టె పొంగింది. వేడిమీదే వంచితే వంగింది, విరగలేదు.

నన్ను తిరగేశారు. ఈసారి గరిటె నూకరాజు పట్టుకున్నాడు. వెల్లుల్లి, చికెన్, పచ్చిమిర్చి, సోయా, వినెగరు, ఉల్లికాడలు. ముక్క అంటుకోకుండా జారింది. పైన టమాటా, కొత్తిమీర, నిమ్మరసం.

భగవాన్లు గారు మొదటి టాకో కొరకగానే పులుసు మోచేతి దాకా కారి పట్టు చొక్కా మీద పడింది. పట్టించుకోలేదు. మూడోది అయ్యాక నోరు విప్పారు.

"మెక్సికోలో ఇలాగే తింటారా?"

"ఆయ్, ఇలాగేనండి" అన్నాడు నూకరాజు, నిన్ననే అక్కణ్ణుంచి వచ్చినట్టు.

"హైదరాబాదులో తిన్నది పట్టుకోగానే విరిగిపోయిందయ్యా. నీది విరగలేదు. ఏంటి కిటుకు?"

నూకరాజు నోరు తెరిచాడు. చైనా విద్యండి అంటాడని నాకు తెలుసు, పన్నెండేళ్లుగా వింటున్నదే. వీరవేణి మూల నిలబడి కొంగుతో ఉల్లిపాయ కన్నీళ్లు తుడుచుకుంటోంది. ఆయన ఒకసారి ఆమె వంక చూసి నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు.

"నాది కాదండి. మా ఆవిడది. మూకుణ్ణి దారికి తెచ్చిందీ రొట్టె కాల్చిందీ తనే. నేను కోడిని తిప్పానంతే."

"అయితే ఇద్దరూ రండి. మాస్టరెవరో మీరే తేల్చుకోండి" అన్నారు భగవాన్లు గారు, నాలుగోదానికి చెయ్యి చాపుతూ.

అది ఇప్పటికీ తేలలేదు. టోపీ మాత్రం వంటింటి మేకుకి వేలాడుతోంది. నేను పగలంతా ఒకసారి చైనాకి, బోర్లిస్తే మెక్సికోకి తిరుగుతున్నాను. రెండు చోట్లా జనం గోదావరి యాసలోనే మాట్లాడుతున్నారు.

నా ఒంటికి మళ్లీ ఏడాది నలుపు పట్టింది. నిన్న నవమి. నూకరాజే నన్ను పొయ్యి మీద నుంచి దింపి, చింతపండు తెచ్చి వీరవేణి ముందు పెట్టాడు. "తోమవే" అన్నాడు. తోముతున్నంతసేపూ పక్కనే పీట వేసుకుని ఉల్లిపాయ కోస్తూ కూర్చున్నాడు. పోయినేడు ఇదే రోజు మెట్టు మీద ఏడ్చిన మనిషి. ఈసారి కళ్ల నీళ్లు ఉల్లిపాయవి.