మొప్ప ఎత్తి చూపించింది

రత్తమ్మ ఇరవై ఏళ్ళుగా మా ఇంటికి చేపలు తెస్తోంది. కొత్తవాళ్ళకైతే మొప్ప ఎత్తి ఎర్రదనం చూపిస్తుంది. వాడుక ఇళ్ళలో ఆ పని లేదు. "పొద్దుటిదేనండి" అంటే చాలు, మా అమ్మ గిన్నె తెచ్చేది.

రెండో వేవ్‌లో మా రేవు ఊళ్ళో హైస్కూలును కోవిడ్ సెంటరు చేశారు. తొమ్మిదో తరగతి గదిలో పన్నెండు మంచాలు, నర్సుని నేనొక్కదాన్ని. ఆక్సిజన్ లేదు. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో నెంబరు చూపించే చిన్న మిషను ఉంది. అది తొంభై కన్నా తక్కువ చూపిస్తేనే పెద్దాసుపత్రికి పంపాలని ఆర్డరు. ఆ నెలంతా నేను ఆ మిషనును నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మలేదు.

ఆ రోజు పదకొండింటికి అంబులెన్సు వచ్చింది. ఒక్కరికే చోటుందన్నాడు డ్రైవరు. బాగోలేనివాళ్ళు ఇద్దరు. బ్యాంకు క్లర్కు చంద్రరావుగారు పచ్చటి మనిషి. మంచం మీద కూర్చుని, దగ్గుకుంటూనే ఫోనులో మాట్లాడుతున్నారు. మిషను ఎనభై తొమ్మిది చూపించింది. రెండోది రత్తమ్మ భర్త త్రిమూర్తులు. అసలే నలుపు, నలభై ఏళ్ళు సముద్రం మీద వేటకెళ్ళి ఇంకా నల్లబడ్డాడు. గోడకి చేరగిలబడి మాటమాటకీ ఊపిరి కోసం ఆగుతున్నాడు. ఆయనకి తొంభై మూడు.

రావద్దన్నా వినకుండా రత్తమ్మ లోపలికొచ్చేసింది. భర్త కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగి చూసింది.

"సిస్టరుగారండీ, ఒక్కసారి ఇలా వచ్చి చూడండి. ఎరుపు పోయిందండి. నిన్నటి చేప మొప్ప ఇలాగే ఉంటదండి. ఈయన్ని పంపించెయ్యండి, మీ కాళ్ళట్టుకుంటాను."

చూశాను. చిగుళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. ఆ రంగుంటే ఒంటికి ఆక్సిజన్ అందడం లేదని నాకు నర్సింగులో నేర్పారు కూడా. వేలు తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ తొంభై మూడే.

"మిషను బాగానే ఉందంటోంది రత్తమ్మా. ఇది చేపల బేరం కాదు" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నా నోట్లోంచి!

"ఆ మిషను ఈయన మొహం చూసిందా అండీ?" అంది.

అంబులెన్సు చంద్రరావుగారితో వెళ్ళిపోయింది. ఆయన బతికారు. బతికినందుకు నాకు సంతోషమే. మధ్యాహ్నం రెండున్నరకి త్రిమూర్తులు నెంబరు ఎనభై ఏడుకి దిగింది. అంబులెన్సుకి ఫోను చేస్తే గంటన్నర పడుతుందన్నారు. అంతసేపు ఆయన ఆగలేదు.

ఆగస్టులో రాజమండ్రిలో మాకు ట్రైనింగు పెట్టారు. నల్లటి చర్మం మీద ఈ మిషన్లు ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయని, నెంబరుతోపాటు మనిషినీ చూడాలని డాక్టరుగారు చెప్పారు.

"ఈ సంగతి ఎప్పటినుంచి తెలుసండీ?" అనడిగాను.

"చాలా ఏళ్ళ నుంచే అమ్మా" అని ఆయన తర్వాతి స్లైడు వేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరో తెల్లవాళ్ళ వేళ్ళ మీద సరిచూసుకుని, అది అందరికీ సరిపోతుందని మా రేవుకి పంపించేశారు. మా రేవులో నల్లగా లేనివాళ్ళెందరు? ఆర్డరు రాసినవాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు. చిగుళ్ళు కళ్ళారా చూసిన నాకు మాత్రం వచ్చిందా?

ఆ సంగతి రత్తమ్మకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే ఆమె మాటే నిజమని నా నోటితో ఒప్పుకోవాలి. ధైర్యం చాల్లేదు.

దసరా వెళ్ళాక ఒక ఉదయం ఆమె మా గుమ్మంలో బుట్ట దించింది. నేను మామూలుగా గిన్నె తెచ్చి, "ఒక పండుగప్ప ఇయ్యి రత్తమ్మా" అన్నాను.

ఆమె ఇవ్వలేదు. చేపని నా కళ్ళకెదురుగా పట్టుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తింది. లోపల ఎర్రగా ఉంది.

"చూసే తీసుకోండి సిస్టరుగారండీ" అంది. "నా మాట మీద తీసుకోకండి."