పెయ్యతో చెప్పిన మాటలు

రంగం నుంచి వచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో అత్త రత్నాలమ్మ మాతిన్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడని మనిషా అంటే కాదు. తెల్లారి లేచింది మొదలు ఆమె నోరు మూతపడదు. కాకితో మాట్లాడుతుంది, రోకలితో మాట్లాడుతుంది, పొయ్యిలో మండని కట్టెతో తగువు వేసుకుంటుంది. అందరికంటే ఎక్కువగా, అరుగు పక్కన రాటకి కట్టిన ఎర్ర పెయ్యదూడతో మాట్లాడుతుంది. కోడలు మాత్రం ఆ ఇంట్లో ఆమె కంటికి ఆనని మనిషి.

రంగం అంటే రంగూన్. ఉద్దానం మగవాళ్ళలో చాలామంది అక్కడి బియ్యం మిల్లుల్లో చెమటోడ్చి వచ్చినవాళ్ళే. రత్నాలమ్మ కొడుకు బైరాగి కూడా అలాగే ఓడెక్కాడు. అతను పనిచేసే మిల్లు గేటు దగ్గర చుట్టలు చుట్టి అమ్మే బర్మా పిల్ల ఈ మాతిన్. ఎనిమిదేళ్ళు కూలీలకు చుట్టలమ్మి వాళ్ళ తెలుగు నేర్చుకుంది. ఆ కూలీల్లో ఒకణ్ణి పెళ్ళి కూడా చేసుకుంది. తవుడు దుమ్ముకి బైరాగికి దగ్గు పట్టుకుని వదలకపోతే, "మా వూరు పోదాం, కొబ్బరితోట గాలి మంచిది" అన్నాడతను. గాలి నిజంగా మంచిదే. జలంత్రకోట గాలి మీద మాతిన్‌కి ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా మనుషుల మీదే. "బైరాగీ, బువ్వకి రా" అని మొగుణ్ణి పిలిస్తే పక్కింటి ధనమ్మ చేతిలో చేట కింద పడేసింది. మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదట. మరి మనిషికి పేరెందుకు పెట్టినట్టు? సోంపేట సంతకి వెళ్తానంటే కొత్త కోడలు సంతకా అన్నారు. రోజుకి వందమంది మగవాళ్ళతో బేరమాడిన మనిషిని పట్టుకుని. ఇక చుట్ట సంగతి. ఈ ఊరి ఆడవాళ్ళు చుట్ట తాగుతారని బైరాగి చెప్పినప్పుడు, పోనీలే, ఆ ఒక్క సుఖమైనా ఉందనుకుంది. తీరా వచ్చి చూస్తే, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతున్నారు. దాన్ని అడ్డపొగ అంటారట. మాతిన్ నిప్పు బయటికి పెట్టి తాగుతుంటే, మగాడిలా తాగుతోందని ముక్కున వేలేసుకున్నారు. నోట్లో నిప్పు పెట్టుకున్నవాళ్ళు తనని చూసి వింతపడటమేమిటో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకుంది కూడా. ఓర్వలేనిది ఆ పెయ్య.

వచ్చిన రోజే మాతిన్ అలసిపోయి గడప మీద కూర్చుంది. రత్నాలమ్మ రాట దగ్గరికి వెళ్ళి, "ఒలే పెయ్యా, గడప మీద ఎవులైనా కూకుంతారా? ఇంటికి మంచిదేనా అది?" అంది. మాతిన్ పెయ్య వైపు చూసింది. అది గడపకి నాలుగు బారల దూరంలో గడ్డి నములుతోంది. "మీ అమ్మకి మతి సరిగా లేదని నాకెందుకు సెప్పలేదు?" అని ఆ సాయంత్రం మొగుణ్ణి నిలదీసింది. అతను దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వాడే తప్ప, ఆ మాట నీకేనని చెప్పలేదు. ఇది కూడా చెప్పాల్సిన సంగతా అనుకున్నాడు మహానుభావుడు.

దాని ఫలితం ఫాల్గుణంలో అనుభవించారు. వాకిట్లో చాపల మీద నెల రోజుల కొబ్బరి చిప్పలు ఎండుతున్నాయి. రత్నాలమ్మ కుండ చంకనెత్తుకుని నూతికి బయల్దేరుతూ ఆకాశం వైపు చూసి, "ఒలే పెయ్యా, మబ్బు పట్టింది. సినుకు పడీలోగా సిప్పలు లోపలెట్టాల. ఇన్నావా?" అని వెళ్ళిపోయింది. అరుగు మీద చుట్టలు చుడుతున్న మాతిన్‌కి దూడ మీద జాలేసింది. తనే లేచి లోపల పెడదామా అనుకుంది కానీ, కొబ్బరి మీద తన తల్లి తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదని మొదటి వారమే బైరాగి చెప్పి ఉన్నాడు. పెద్దావిడ వస్తుందిలే అని ఊరుకుంది. పెద్దావిడకంటే ముందు వాన వచ్చింది. గబగబా లేచి చాపలు లాగేసరికి సగానికి సగం నానిపోయాయి.

తడిసి ముద్దయి వచ్చిన రత్నాలమ్మ వాకిట్లో నిలబడి పెయ్యని దులిపేసింది. "కళ్ళున్నాయా నీకు? సెవులున్నాయా? సిలక్కి సెప్పినట్టు సెప్పెల్లేను గదే. ఏ దేశం నుంచొచ్చేవే నువ్వు?" పెయ్య ఏ దేశం నుంచీ రాలేదు. ఆ ఇంట్లోనే పుట్టింది. అప్పుడు తెలిసొచ్చింది మాతిన్‌కి. రెండు నెలలుగా విన్న మాటలన్నీ ఒక్కసారి తల్లో తిరిగాయి. గడప మాట, తల విరబోసుకోవద్దన్న మాట, చారులో ఉప్పెక్కువన్న మాట, అన్నీ తనకే. ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి అత్తకి ఎదురుగా నిలబడింది.

"అత్తా, నాకు సెప్పు. నాను ఇక్కడున్నాను. నా మొహం సూసి సెప్పు."

రత్నాలమ్మ మొహం తిప్పుకుని రోకలి వైపు చూసింది. "ఇన్నావా రోకలీ, మొహం సూసి సెప్పాలట," అని లోపలికి పోయింది.

బైరాగి తోట నుంచి వచ్చేదాకా మాతిన్ అన్నం ముట్టలేదు. అతను పక్కన కూర్చుని నచ్చజెప్పబోయాడు. "కొత్త కోడలితో మొహం మీద మాటాడ్డం మా అమ్మకి అలవాటు నేదే. మా అయ్యతోనే ముప్పయ్యేళ్ళు మాటాడ్నేదు. ఏటి కావాలన్నా గోడకి సెప్పీది."

"మీ అయ్య ఏటి సేసీవోడు?"

"ఆయనా గోడకే జవాబు సెప్పీవోడు."

మాతిన్ తల పట్టుకుంది. ఇద్దరు మనుషులు ముప్పయ్యేళ్ళు ఒక గోడని మధ్యలో పెట్టుకుని కాపురం చేసి పిల్లల్ని కన్నారంటే, ఆ గోడకి దండం పెట్టాలి. కానీ తను గోడ కాదు, దూడ కాదు. సముద్రం దాటి వచ్చిన మనిషి. "సైత్ర పున్నమికి బారువ రేవుకి రంగం ఓడ వత్తాదన్నావు గదా. ఆ లోగా మీ అమ్మ నాతో ఒక్క మాట, ఒక్కటే, నా మొహం మీద మాటాడాల. నేకపోతే నాను ఓడెక్కుతాను. నువ్వొత్తావో రావో నీ ఇష్టం."

బైరాగి ఛాతీ తడుముకున్నాడు. దగ్గు ఈమధ్యే కాస్త తగ్గింది. మళ్ళీ ఆ మిల్లు, ఆ దుమ్ము. "నువ్వెల్తే నాను ఇక్కడెలాగుంతాను. వత్తాను," అన్నాడు. ఆ మాట విన్నాక మాతిన్‌కి కోపం తగ్గకపోగా, దానికి భయం కూడా తోడైంది.

సంగతి తల్లి చెవిన వేశాడు. ఆ రోజు నుంచి పెయ్యకి ఊపిరాడలేదు. "ఒలే పెయ్యా, తల దువ్వుకున్నావా. ఒలే పెయ్యా, సేప కూరొండేను, సల్లారిపోతాంది." మాటలు మెత్తబడ్డాయి కానీ దారి మారలేదు. ఇలా కాదని మాతిన్ ఒక ఉదయం పెయ్యని విప్పి తీసుకెళ్ళి ధనమ్మ పెరట్లో కట్టేసి వచ్చింది. ఇప్పుడెవరితో మాట్లాడుతుందో చూద్దామని అరుగు మీద కూర్చుంది. రత్నాలమ్మ ఖాళీ రాటని చూసింది, కోడల్ని చూడకుండా కోడలి చుట్టూ చూసింది, చివరికి రాటతో మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మాతిన్ ఓడిపోయి పెయ్యని తెచ్చి కట్టేసింది. రాటకంటే పెయ్యే నయం, చెవులైనా ఆడిస్తుంది.

కోపం చల్లారడానికి ఆమెకు తెలిసిన పని ఒక్కటే, చుట్టలు చుట్టడం. అలా చుడుతూ చుడుతూ, అడ్డపొగకి పనికొచ్చేలా పొట్టిగా, గట్టిగా, నోట్లో విడిపోకుండా ఒకటి చుట్టి చూసింది. ఇచ్చే ధైర్యం లేక గూట్లో పెట్టింది. మర్నాడు అది లేదు. రత్నాలమ్మ పెయ్య గంగడోలు నిమురుతూ, నోట్లో పొగతోనే, "ఈ సుట్ట సుట్టినదాని సెయ్యి మంచిదే పెయ్యా. పాతికేళ్ళై తాగుతన్నాను, ఇలాటిది తాగ్నేదు," అంటోంది. మాతిన్‌కి ఏడుపొచ్చింది. ఆ మాట ఇటు తిరిగి అంటే ఏం పోయింది? నాలుగు బారల దూరంలో ఉంది తను. ఆ నాలుగు బారలూ సముద్రంకంటే ఎక్కువైపోయాయి.

పున్నమి రానే వచ్చింది. బైరాగి పెట్టె బండిలో పెట్టాడు. రత్నాలమ్మ ఎండుచేపల మూట, కొబ్బరుండల డబ్బా తెచ్చి, కోడలి చేతికివ్వకుండా పెయ్య ముందు పెట్టింది. "ఓడలో కడుపులో తిప్పితే ఏటైనా తినాల పెయ్యా," అంది. మాతిన్ ఆ మూట తీసుకుని, ఆఖరిసారి ఎదురుగా నిలబడి, లెక్కపెట్టి పదిసార్లు ఊపిరి తీసుకుంది. రత్నాలమ్మ పెయ్య చెవి వదల్లేదు. మాతిన్ బండెక్కేసింది.

బండి ఇసుక దారిలో పడింది. కొబ్బరితోట మలుపు తిరుగుతుండగా వెనక నుంచి కేకలు. రత్నాలమ్మ వస్తోంది. ఒంటరిగా కాదు, పెయ్యని పలుపు పట్టి ఈడ్చుకుంటూ వస్తోంది. "ఒలే పెయ్యా, ఆపమని సెప్పే. ఎల్లొద్దని సెప్పే. ఆడికి దగ్గు, ఆడు మిల్లుకెల్తే బతకడని సెప్పే. నువ్వు నేకపోతే నాకు ఇల్లు బోసిపోతాదని సెప్పే."

బైరాగి ఎడ్లని నిలిపాడు. పెయ్యకి మాత్రం ఇదంతా విసుగెత్తిపోయినట్టుంది. మూడు నెలలుగా ఇంటి తగువులన్నీ మోసిన ప్రాణి. కాళ్ళు నాలుగూ ఇసుకలో తన్నిపెట్టి కదలనంది. రత్నాలమ్మ బలంగా లాగింది. పెయ్య తల విదిలించి, పలుపులోంచి మెడ జార్చుకుని, తోక పైకెత్తి ఇంటి దారి పట్టింది.

దారి మధ్యలో రత్నాలమ్మ ఖాళీ పలుపు పట్టుకుని నిలబడింది. చుట్టూ చూసింది. కాకి లేదు, రోకలి లేదు, గోడ లేదు. అటూ ఇటూ ఇసుక. కొడుకు తల వంచుకుని ఉన్నాడు. ఎదురుగా బండిలో కోడలు. ఆ మొహం వైపు, మూడు నెలల్లో మొదటిసారి, నేరుగా చూసింది.

"ఏటే మాతినూ," అంది. "ఇన్నాళ్ళూ నాను దూడకి సెప్పిందంతా దూడకేనేటే? నీకు కాదూ? దిగు. దిగి ఇంటికి పద."

అడిగింది ఒక్క మాట. వచ్చింది తిట్టు. అయినా తన పేరుతో, తన మొహం మీద. మాతిన్ బండి దిగి, ఇసుకలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతమా అని కోపంతో ఏడ్చింది, కోపం అయిపోయాక ఊరికే ఏడ్చింది. రత్నాలమ్మ పక్కన నిలబడి పలుపుని చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయింది.

బండి వెనక్కి తిరిగి ఇంటికి వచ్చింది. పెయ్య అప్పటికే రాట దగ్గర తీరిగ్గా నెమరు వేస్తోంది. మాతిన్ మొహం కడుక్కుని వచ్చి దాని పక్కన కూర్చుంది. దాని చెవి పట్టుకుని, లోపల పొయ్యి ఊదుతున్న అత్తకి వినిపించేలా అంది.

"పెయ్యా, అత్తకి సెప్పు. సారులో సింతపండు మరీ ఎక్కువేత్తాంది. రేపటి నుంచి తగ్గించమను."

లోపల ఊదుగొట్టం చప్పుడు ఆగింది. కాసేపటికి రత్నాలమ్మ గుమ్మంలోకి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, పెయ్య వైపే చూస్తూ చెప్పింది.

"ఒలే పెయ్యా, ఆ సంగతేటో నా మొహం మీద సెప్పమను."