బొట్టు కింద సంతకం

పాత సంగీత పుస్తకాలు సేకరించే శివరామకృష్ణయ్య హైదరాబాదు నుంచి గోరేబాళకు, నాగేంద్రమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె గురువు రామభద్రయ్య కట్టిన వర్ణాలు స్వరాలతో సహా 1962లో తెనాలిలో అచ్చయ్యాయి. మిగిలింది నాగేంద్రమ్మ దగ్గరున్న ఈ ఒక్క ప్రతి. గురువు సంతకం ఉంటేనే గ్రంథాలయం దాన్ని తీసుకుని భద్రపరుస్తుంది.

శివరామకృష్ణయ్య మొదటి పేజీ తెరిచాడు. పసుపు, కుంకుమ తప్ప ఏమీ కనబడలేదు.

"ఏటా సరస్వతీ పూజకు బొట్టు పెట్టానండీ, గురువుగారి చెయ్యి పడ్డ చోటే" అంది నాగేంద్రమ్మ.

"అరవై ఏళ్లు పూజ చేసి చెరిపేశావా అమ్మమ్మా!" అంది మనవరాలు లహరి.

"నువ్వూరుకోవే."

"ఏం రాశారో గుర్తుందా అమ్మా?" అని శివరామకృష్ణయ్య అడిగాడు.

"'ఈ వర్ణాలు మొదట పాడిన నాగేంద్రానికి' అని. నాకప్పుడు పద్నాలుగేళ్లు. తాళం తప్పితే మళ్లీ మొదటి నుంచి పాడించేవారు."

"నేను నమ్ముతానమ్మా. గ్రంథాలయం వాళ్లకు మాత్రం కంటికి కనబడాలి."

లహరి పేజీ తిప్పింది. వెనక వైపు ఖాళీ కాగితం మీదికి సిరా ఇంకి, అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఆమె గోడ మీది అద్దం తెచ్చి ఎదురుగా పట్టింది. శివరామకృష్ణయ్య పైకి చదివాడు. నాగేంద్రమ్మ చెప్పిన మాటలే. కింద రామభద్రయ్య సంతకం.

నాగేంద్రమ్మ అద్దంలోకి చూస్తూ మొదటి వర్ణంలో తొలి వరుస పాడింది. తాళం తప్పింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.

పాట అయ్యాక ఆయన పుస్తకాన్ని గుడ్డలో చుట్టాడు. నాగేంద్రమ్మ లోపలికెళ్లి కుంకుమ భరిణ తెచ్చింది.

"అమ్మమ్మా!" అంది లహరి.

"పుస్తకానికి కాదులేవే" అని ఆమె శివరామకృష్ణయ్య నుదుట బొట్టు పెట్టింది.