నూనె తల

కనేరి మరమగ్గాల వాడలో సాంచాల మీద బట్ట నేసేవాళ్లెవరూ పనికి పోయే పూట తలకు నూనె రాయరు. రాస్తే గాలిలో ఎగిరే దూదంతా జుట్టుకే అతుక్కుంటుంది.

ఆ పొద్దున మాత్రం పోశెట్టి నూనె రాసి, పాపిట తీసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఊరవతల కాల్హేర్‌లో గోదాము గేటు దగ్గర ఒకే ఒక్క కాపలా కొలువు ఉంది. శుభ్రంగా కనిపించేవాణ్ణే తీసుకుంటారట. సంగతి పొక్కితే నేతగాళ్లకు పని పంచే ముకద్దం వెంకటి సాయంత్రానికల్లా అతని సాంచాలు ఇంకొకడికి అప్పగిస్తాడు.

ఆటో కోసం నిలబడితే, తలకు రుమాలు చుట్టుకుని ముకద్దమే ఎదురొచ్చాడు. పారిపోదామంటే చొక్కా నలుగుతుంది.

"ఏడికి పోతున్నవ్?"

"పెండ్లికే, అన్నా."

"ఎవల పెండ్లి?"

పోశెట్టి ఆటో వచ్చే దిక్కు చూశాడు. ముకద్దం చెయ్యెత్తాడు. కొడతాడనుకుని పోశెట్టి కళ్లు మూసుకున్నాడు.

ముకద్దం అతని చెవిలోంచి దూది ఉండ లాగాడు. సాంచాల మోతకు రోజూ పెట్టుకునేదే, తీయడం మరిచాడు.

"గిట్ల పోతే గేటు కాడనే ఎల్లగొడ్తరు," అంటూ ముకద్దం తన రుమాలు విప్పాడు. అతని తలా నూనెతో నిగనిగలాడుతోంది. "నా ఎనక సూడు, దూది ఉన్నదా?"

మెడ మీద తెల్లగా, అరచేతంత మేర ఉంది.

"ఏం లేదన్నా," అన్నాడు పోశెట్టి.