పోలారావు బరువు

నేను ఒక కాటాను. సంచులు మోయడానికి పుట్టిన ఇనుప కాటాను. కింద చదరపు పలక, పైన అంకెలు చెక్కిన ఇత్తడి కమ్మీ, దానిమీద జరిపే చిన్న గుండు. విశాఖపట్నంలో పార్సిలు ఆఫీసువాళ్ళు పదేళ్ళు నా చేత మామిడిపళ్ళ బుట్టలు మోయించుకున్నారు. ఆ తర్వాత ఓడరేవు దగ్గరున్న బాక్సింగ్ షెడ్డుకు నన్ను తోలేశారు. బుట్టలే నయం, దిగేటప్పుడు నన్ను తిట్టేవి కావు.

పోటీల రోజు పొద్దున్నే బాక్సర్లు బరువు చూపించుకోవాలి. రెండు రోజులు పస్తులుండి, గొంగళ్ళు కప్పుకుని ఎండలో పరిగెత్తి, అరకిలో తగ్గించుకోవడానికి వాళ్ళు పడే పాట్లు చూస్తే నాకే నీరసం వచ్చేది. పోలారావు ఒక్కడే దీనికి తలకిందులు. అతను పెరగాలని చూసేవాడు.

పోలారావుది జాలరిపేట. నిలువెత్తు మనిషే గానీ, తూగేది డెబ్భై తొమ్మిది కిలోలు. ఎనభై ఒకటి దాటితేనే హెవీవెయిట్. అతని అసలు తరగతిలో నలుగురు గట్టివాళ్ళు ఉన్నారు. హెవీవెయిట్‌లో మాత్రం ఈ రాష్ట్రంలో పేరిచ్చేవాడే లేడు. ఒక్కడే ఉంటే ఆడకుండానే కప్పు. కప్పు ఉంటే ఓడరేవులో ఉద్యోగం. అందుకని అతను వల అంచుకు కట్టే సీసం గుళ్ళు రెండున్నర కిలోలు గుడ్డలో చుట్టి, నడుముకు కట్టుకుని, పైన తువ్వాలు చుట్టుకుని నా మీద ఎక్కాడు. గుండు జరిపేది అతని గురువు ఆరోగ్యం మాస్టారు. ఆయనకు అంతా తెలుసు. నాకూ తెలుసు. ఎక్కినదాన్ని తూచడమే నా పని, అది కండా సీసమా అని ఆరా తీయడం కాదు. అలా అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి.

నాలుగేళ్ళు అలాగే నడిచింది. ఒంటరిగా రింగులోకి ఎక్కేవాడు, రిఫరీ చెయ్యి పైకెత్తేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. రెండో ఏడాదే ఉద్యోగం వచ్చింది. నాలుగు కప్పులూ ఇంటికి చేరాయి. పేటలో అందరూ "ఛాంపియన్" అని పిలిచేవారు. ఆ మాట వినబడితే తల వంచుకుని పక్క సందులోకి తిరిగిపోతున్నాడని మాస్టారు ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు జాలేసింది.

అయిదో ఏడు ఆదోని నుంచి ఒకడొచ్చాడు. నా మీద కాలు పెట్టగానే పలక కిర్రుమంది. నూట నాలుగు కిలోలు! వాడు దిగాక పోలారావు ఎక్కాడు. నడుముకు ఏమీ లేదు. డెబ్భై తొమ్మిది. మాస్టారు హమ్మయ్య అనుకుని గొంతు తగ్గించారు.

"మంచి పని చేశావురా. బరువు చాల్లేదని రాసేస్తాను. జ్వరమొచ్చి చిక్కిపోయాడని చెబుదాం. నీ పేరూ పోదు, పళ్ళూ పోవు."

పోలారావు దిగి తెర వెనక్కు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నడుముకు తువ్వాలుంది.

"పిచ్చి పట్టిందా? ఉద్యోగం ఉంది కదరా, ఇంకా ఎందుకు?"

"నాలుగేళ్ళబట్టి నన్నెవుడూ కొట్టనేదు మాస్టారూ. నానెవుణ్ణీ కొట్టనేదు. ఛాంపియనంటంటే సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఎక్కనీయండి."

ఎనభై ఒకటిన్నర. మాస్టారు ఆ అంకే రాసుకున్నారు. నా బతుకులో గర్వంగా మోసిన దొంగ తూకం అదొక్కటే.

నేను రింగు పక్కనే ఉన్నాను కాబట్టి అంతా చూశాను. మూడు రౌండ్లలో పోలారావు రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ లేచాడు. ఆదోనివాడి పెదవి ఒకసారి చిట్లగొట్టాడు. చివరి గంట మోగేసరికి నిలబడే ఉన్నాడు. ఓడిపోయాడు. ఎడమ చెవి ఆ రోజే పోయింది. వెండి పతకం మెడలో వేసుకుని, వాచిన మొహంతో చిన్నపిల్లాడిలా నవ్వుతూ దిగాడు. మళ్ళీ ఎప్పుడూ రింగు ఎక్కలేదు.

తర్వాత షెడ్డు పడగొట్టారు. చేతులు మారి మారి నేను కంచరపాలెంలో దాలినాయుడి పాత ఇనుపసామాన్ల కొట్టుకు చేరాను. ఇప్పుడు విరిగిన కుర్చీలూ తుప్పు పట్టిన రేకులూ మోస్తున్నాను. నేనూ తుప్పు పట్టే ఉన్నాను. ఏదో ఒకరోజు నన్నూ ఇంకో కాటా మీద పడేస్తారు. దానికోసం పెద్ద బెంగేమీ లేదు, అలిసిపోయాను.

మొన్న ఒక ముసలాయన కూతురితో వచ్చాడు. రిటైరై ఎన్నాళ్ళయిందో, వంగిపోయాడు. మడమలతో నొక్కి నిలబడే తీరు చూసి గుర్తుపట్టాను. ఇల్లు మారుతున్నారట. కూతురు గౌరీశ్వరి సంచిలోంచి నాలుగు కప్పులు తీసి నా మీద పెట్టింది.

"ఇవి ఛాంపియన్ కప్పులు కదా నాన్నా, ఉంచుకుందాం," అంది.

"ఒగ్గేయమ్మా. ఒట్టి రేకులు."

చివరికి ఆమె సంచి అడుగునున్న పతకం తీసింది. పూత పోయి నల్లబడింది. దాన్ని కూడా కప్పుల పక్కన పెట్టబోతుంటే ముసలాయన గబుక్కున లాక్కున్నాడు.

"ఇది ఎయ్యకు! ఇదొక్కటే నాను ఆడి తెచ్చుకున్నాది."

కప్పులు తూచి పక్కన పడేశాక దాలినాయుడు టీ తాగుతుంటే పోలారావు నావైపు కాసేపు చూశాడు. కమ్మీ మీద చెయ్యి వేసి తడిమాడు. తర్వాత మెల్లగా చెప్పులు విప్పి నా మీదకు ఎక్కాడు.

"ఎంతుందో సూడు నాయుడూ."

"అరవై నాలుగు, పెద్దాయనా."

అతనికి వినబడలేదు. కూతురు కుడి చెవి దగ్గర గట్టిగా చెప్పింది. పోలారావు నవ్వాడు. అతని పిడికిట్లో ఆ పతకం అలాగే ఉంది. ఈసారి కూడా పైబరువుతోనే ఎక్కాడు. నేను ఎవరికీ చెప్పలేదు, ఆ గుప్పెడు బరువునూ అతనిదిగానే తూచాను.