బోణీ కాని పొద్దు

ఇన్సులిన్ వేసుకున్న పావుగంటలో తినాలని డాక్టరు చెప్పాడు. బోణీ కానిదే కొట్లో కూర్చున్నవాడు మెతుకు ముట్టకూడదని కన్నతల్లి చెప్పి పోయింది. గజపతినగరం బజార్లో కిరాణా కొట్టు నడిపే నగరేశ్వరరావు ఇద్దరి మాటా జవదాటడు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆయనకి టైప్ వన్ షుగరు. పంతొమ్మిదో ఏట పట్టుకుంది, యాభై దాటినా వదల్లేదు, ఇక వదలదు కూడా. ఒంట్లో ఇన్సులిన్ చుక్క తయారవదు కాబట్టి పూటపూటా సూది పడాల్సిందే. సూది పడ్డాక కడుపులోకి తిండి పడకపోతే షుగరు దిగిపోయి మనిషే పడిపోతాడు. ఈ సూదుల సంగతీ తిండి సంగతీ పాతికేళ్ళుగా భార్య భాగ్యవతి చూసుకుంటోంది. ఎలా చూసుకుంటోందని ఎవరూ అడగలేదు. అన్నీ వేళకి అమరిపోయే ఇంట్లో అలాంటివి ఎవరడుగుతారు?

ఆ ఆదివారం భాగ్యవతి చెల్లెలి పోరు పడలేక, ఆమెతో కలిసి మొదటి బస్సుకి అరసవల్లి బయల్దేరింది. ఆయన్ని వదిలి ఒక పూట ఇల్లు విడిచి వెళ్ళడం ఈ మధ్యకాలంలో అదే మొదలు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ కూతురు సింధూరికి పది జాగ్రత్తలు చెప్పింది. "కొట్టుకి నువ్వూ ఎళ్ళి కూసోవాల, మర్సిపోకు" అన్నది అందులో ఆఖరిది. సింధూరి నిద్రమొహంతో సరేసరే అంది. ఆఖరి మాటలు ఎవరికి ఎక్కుతాయి గనక!

సింధూరి విజయనగరంలో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. అంకెలంటే ఆమెకి గురి. తండ్రి జబ్బకి గుండ్రటి సెన్సర్ బిళ్ళ అంటించిందీ ఆమే. షుగరు ఎంతుందో ఐదేసి నిమిషాలకి ఆయన ఫోన్లోనూ ఆమె ఫోన్లోనూ కనిపిస్తుంది. "బిళ్ళ సెప్పాలేటే? మొహం సూస్తే తెలిసిపోదా!" అని తల్లి మూతి విరిచింది. సింధూరి నవ్వి ఊరుకుంది.

ఏడుంబావుకి కొలతగా ఎనిమిది యూనిట్లు తండ్రి పొట్ట మీద తనే వేసింది. అప్పటికి నూట ఇరవై నాలుగుంది. అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. ఇడ్లీలు డబ్బాలో సర్దించుకుని, "కొట్లో తింటాన్లే" అంటూ నగరేశ్వరరావు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. బయట వాయుగుండం వాన మూడో రోజు.

ఎనిమిదింటికి ఫోను చూస్తే తొంభై ఆరు. పక్కన బాణం కిందికి తిరిగి ఉంది. సింధూరి ఫోన్ చేసింది.

"తిన్నావా నాన్నా?"

"తింటాను. బోణీ అవనీ."

"ఇంకా అవలేదా?"

"కుక్క కూడా తిరగడం నేదే ఈ వానకి. అవుతాదిలే, ఎవరో ఒకరు వస్తారు."

మామూలు రోజుల్లో తలుపులు తీసేసరికే ఇద్దరు ముగ్గురు మెట్ల మీద నిలబడి ఉంటారు. ఆ ధైర్యంతోనే ఆమె ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టింది. ఎనభై ఒకటి. మళ్ళీ చేస్తే ఆయన తీయలేదు. ఈసారి తల్లికి చేసింది. గుడి దగ్గర లైనులో ఉన్నట్టుంది, వెనక ఒకటే గోల.

"సూది ఇంటికాడే ఏసేసావేటే?" భాగ్యవతి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "బోణీ అయినాక ఎయ్యాలే! నేను రోజూ కొట్లో స్టూలేసుకుని కూసునేది ఎందుకనుకున్నావు? మొదటి బేరం అవగానే బస్తాల ఎనకాల ఏసి, అక్కడే తినిపిస్తాను. అయ్యో, పరుగెట్టే, పరుగెట్టు..."

లైను తెగిపోయింది.

అమ్మ పొద్దుపోక కొట్లో కూర్చుంటుందని ఇన్నాళ్ళూ సింధూరి అనుకునేది. ఇంట్లో పని వదిలేసి అక్కడేం ఉద్ధరిస్తావని ఒకసారి అనేసింది కూడా. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్ళు మండింది, తన మీదే. గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి ఉరికింది.

రెండు వీధుల దూరం. మోకాలి లోతు నీళ్ళు. మూల మీద టీ కొట్టు జగ్గమ్మ కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. "జగ్గమ్మత్తా, దణ్ణం పెడతాను. మా కొట్లో ఏదో ఒకటి కొను, రా! డబ్బులు నేనిస్తాను."

జగ్గమ్మ వెనక్కి తగ్గింది. "బోణీకా? మొగుడు పోయినదాన్ని, నా సేత్తో బోణీ ఏటమ్మా? మీ నాన్న ఒప్పుతాడా?"

ఊళ్ళో సగం మందికి పొద్దున్నే టీ పోసే చెయ్యది. ఆ టీ పనికొస్తుంది, బోణీ పనికిరాదు. ఈ బుద్ధులు పెట్టినవాళ్ళని వానలో నిలబెట్టాలి. వాదించే వ్యవధి లేక సింధూరి పరుగు ఆపలేదు.

కొట్లో నగరేశ్వరరావు తక్కెడ ముందు కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇడ్లీ డబ్బా మూత తీయలేదు. ఫోన్లో యాభై రెండు.

"నాన్నా!" పక్కనున్న పంచదార బస్తాలోంచి గుప్పెడు తీసి నోటి దగ్గర పెట్టింది. ఆయన పళ్ళు బిగించాడు. ఆమె చెయ్యి విసిరికొట్టాడు. పంచదార నేలంతా చిమ్మింది.

"బోణీ కానేదు," అన్నాడు, నాలుక మడతపడుతూ.

"నేను కొంటాను. ఇవిగో డబ్బులు."

"ఇంటి డబ్బు బోణీ ఏటి? ఎవరైనా వస్తారు. అడ్డు లే."

షుగరు పడిపోయిన మనిషికి మొండితనం వస్తుందని ఆమె ఎక్కడో చదివింది. చదివినప్పుడు అది ఒక వాక్యం. ఇప్పుడు ఎనభై కిలోల మనిషి, తన తండ్రి, మింగకపోతే కళ్ళముందే పోయేలా ఉన్నాడు. కేకలు వేద్దామంటే వీధిలో నరమానవుడు లేడు. నలభై ఎనిమిది.

అప్పుడాయన తలెత్తి ఆమె వంక చూశాడు. ఎప్పుడూ చూసే చూపు కాదది. తడిసి ముద్దై నిలబడ్డ పిల్లని ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఏటి కావాలమ్మా మీకు?"

కన్నతండ్రి తనని పోల్చుకోవడం లేదు. సింధూరి బల్ల చుట్టూ తిరిగి మెట్ల మీదికి వెళ్ళి, బేరానికొచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడింది.

"అర కిలో బెల్లం ఇయ్యండి సావుకారూ."

ఆయన చేతులు కదిలాయి. బుర్ర పని చేయకపోయినా ఆ చేతులకి పని వచ్చు. వణుకుతూనే బెల్లం తూచాడు, కాగితంలో చుట్టాడు, దారం తిప్పబోయి రెండుసార్లు జారవిడిచాడు. ఆమె అందించిన నోటుని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

"బోణీ అయింది సావుకారూ. ఇంక తినండి."

"అయిందా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

వెనకాలే జగ్గమ్మ వచ్చింది. మనసొప్పక, గ్లాసునిండా పంచదార నీళ్ళు కలుపుకుని తెచ్చింది. సింధూరి అందుకుని పెదాలకి ఆనించింది. ఈసారి పళ్ళు అడ్డు రాలేదు. గుటక తర్వాత గుటక, ఒక్కోటీ లోపలికి దిగిందాకా ఆమె చూస్తూనే ఉంది. నలభై తొమ్మిది. అంకె చాలాసేపు అక్కడే కదలకుండా ఉంది. తర్వాత యాభై ఎనిమిది. డెబ్భై మూడు. జగ్గమ్మ నేల మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

నగరేశ్వరరావు మొహంలోకి మనిషి తిరిగొచ్చాడు. ఇడ్లీ డబ్బా మూత తీసి, నాలుగు ముద్దలు తిని, కూతుర్ని చూసి ఆశ్చర్యపోయాడు. "నువ్వెప్పుడొచ్చావే? ఇలాగ తడిసిపోయావేటి?"

"ఇప్పుడే నాన్నా."

"ఎవరో పిల్ల వచ్చింది. కొత్త మొహం. వానలో కూడా మంచి బోణీ సేసింది. మంచి సెయ్యి."

సింధూరి బెల్లం పొట్లాన్ని చున్నీ కిందికి జరుపుకుంది.

ఫోను మోగింది, తల్లి. షుగరు ఎంతుందో చెప్పాలని ఎత్తింది. ఎనభై ఎనిమిది, బాణం పైకి. అన్నీ నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి.

భాగ్యవతి అంకె అడగలేదు.

"నిన్ను పోల్చుకున్నాడేటే?" అంది.

అమ్మకి ఆ చూపు తెలుసు. సూది కొట్లోనే వెయ్యాలని తెలుసుకునేలోపు ఎన్నిసార్లు ఆ బల్లకి అవతల నిలబడి, ఎన్నిసార్లు "మీరు" అనిపించుకుందో. ఇంటికొచ్చి ఒక్కనాడైనా ఎవరితోనూ అనలేదు.

తండ్రి ఇడ్లీ తింటూ తన వంకే చూస్తున్నాడు.

"పోల్చుకున్నాడమ్మా," అంది సింధూరి. "నేను అలా మెట్లెక్కగానే పోల్చుకున్నాడు."